నిలిచిన నీళ్ళు, పారే నీళ్ళు

మా చెల్లెలి అత్తగారు ఫోన్లో చెప్పింది రెండే ముక్కలు. "పిల్లని రేపు పొద్దున్నే దాని మేనత్త దగ్గరికి పంపేస్తున్నాం. ఇక అక్కడే పెరుగుతుంది. కన్నతల్లికి అంత ప్రేముంటే ఇవాళ చీకటి పడేలోగా వచ్చి తీసుకెళ్ళమను." మా వైపు నుంచి వాళ్ళింటికి ఉన్నది ఒకటే దారి, ఆ దారిలో వాగు మీదున్న ఎత్తు తక్కువ వంతెన నీళ్ళలో మునిగి ఉంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసే అంది, పైగా నవ్వింది కూడా.

మా చెల్లెల్ని ఇంట్లో చిన్నది అంటాం. నెల క్రితం మొగుడితో గొడవపడి కట్టుబట్టలతో నా దగ్గరికి వచ్చేసింది. నాలుగేళ్ళ కూతుర్ని మాత్రం వాళ్ళు గడప దాటనివ్వలేదు. ఆ పిల్లని ఉడత అంటాం, ఒక్కచోట నిలవదు కాబట్టి. నేను ఫోన్ పెట్టేసి సంగతి చెప్పగానే చిన్నది గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సెల్‌ఫోన్ టవర్లు బాగుచేసేవాళ్ళని కొండల మీదికి తిప్పడం నా పని. నాది మామూలు బండి కాదు, నాలుగు చక్రాలూ లాగే జీపు.

"లే, ముఖం కడుక్కో," అన్నాను.

వంతెనకి ఇవతల లారీలు వరసగా ఆగిపోయి ఉన్నాయి. నేను ఇంజన్ ఆపి కిందికి దిగాను. చిన్నదానికి కాలు నిలవడం లేదు.

"ఎందుకాపావక్కా? పోనీ."

"ఇంత దూరం పరిగెత్తించాం, ఇరుసులు కాలిపోతున్నాయి. ఆ వేడి మీద నీళ్ళలో దించితే లోపలికి నీళ్ళు పీల్చేసుకుంటాయి. చల్లారనీ."

ఈలోగా టార్పాలిన్ ముక్క తీసి, నీళ్ళు నేరుగా ఇంజన్లోకి కొట్టకుండా జీపు ముందు జాలీకి అడ్డంగా కట్టాను. ఇనపరాడ్డు పట్టుకుని నీళ్ళలో దిగి, వంతెన అంచులు పొడిచి చూసుకుంటూ అవతలి గట్టుదాకా వెళ్ళి వచ్చాను. మోకాలి పైన జానెడు లోతు. అడుగున రోడ్డు గట్టిగానే ఉంది. ఎండుటాకు ఒకటి వేస్తే వేసినచోటే ఉంది. దిగువన పెద్దకాలువ నిండిపోయి వెనక్కి తన్నిన నీళ్ళవి, కదలకుండా నిలిచి ఉన్నాయి. అదే పారే నీళ్ళయితే ఇందులో సగం లోతున్నా దిగేదాన్ని కాదు.

ముందు లారీలోంచి ఒకాయన తల బయటపెట్టాడు. "ఇది మగాళ్ళ వల్లే కావట్లేదమ్మా. ఇంటికెళ్ళి మీ ఆయన్ని పంపించు."

"మా ఆయనకి నీళ్ళంటే పడదండీ. గిన్నెలు కూడా తోమడు."

పక్క లారీలవాళ్ళు నవ్వారు. ఆయన అద్దం ఎక్కించేసుకున్నాడు.

మేం మాత్రం అవసరమైతే బయటపడేందుకు అద్దాలు దించుకుని, సీటు బెల్టులు తీసేసి, బాగా కింది గేరులో మెల్లగా దిగాం. చాలామంది నీళ్ళు కనపడగానే ఊపు మీద దూకిస్తారు. ఆ ఊపుకే నీళ్ళు ఎగిరి ఇంజన్లో పడతాయి. మనిషి నడిచేంత వేగంలో పోతే బండి ముందు ఒక అల లేస్తుంది, దాన్ని తోసుకుంటూ దాని వెనకే పోవాలి. మధ్యలో గేరు మార్చకూడదు, యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తకూడదు. సగం దూరంలో తలుపు సందుల్లోంచి నీళ్ళు వచ్చి పాదాల దగ్గర చేరాయి. చిన్నది నా భుజం పట్టుకోబోయి, మానుకుని సీటు పట్టుకుంది. నాకూ భయం వేసింది, లేదని ఎందుకు చెప్పాలి. గట్టెక్కాక తడి ఆరేదాకా బ్రేకులు తొక్కుకుంటూ పోయాను. వెనక లారీలవాళ్ళు హారన్లు మోగించారు.

తలుపు తీసిన అత్తగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చీకటి పడేలోగా రమ్మన్నారుగా, అత్తయ్యగారూ," అన్నాను.

ఉడత పరిగెత్తుకొచ్చి వాళ్ళమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. మా మరిది, అంటే చిన్నదాని మొగుడు, లోపల్నుంచి వచ్చి తల్లి వంక చూశాడు. మెట్ల మీద ఇరుగుపొరుగు నిలబడి చూస్తున్నారు. అందరి ముందూ మాట వెనక్కి తీసుకోలేక, "తీసుకెళ్ళండి, వెళ్ళగలిగితే," అంది ఆవిడ.

మేం తిరిగి వచ్చేసరికి వంతెన మీద నీళ్ళు జానెడు తగ్గాయి. చిన్నదానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నేను దిగి మళ్ళీ నడిచాను. నాలుగడుగులు వేసేసరికి నీళ్ళు పిక్కలు పట్టి లాగేస్తున్నాయి. దిగువన కాలువ గట్టు ఎక్కడో తెగినట్టుంది, నీళ్ళన్నీ అటు పరుగు పెడుతున్నాయి. వెనక్కి వచ్చి సీట్లో కూర్చున్నాను.

"దిగను," అన్నాను.

"ఇందాకటి లోతు కూడా లేదు కదక్కా."

"లోతు తగ్గింది, కానీ పారుతున్నాయి. పక్కనుంచి తోసేస్తే బండి నా చేతిలో ఉండదు."

"వెనక్కి వెళ్తే పిల్లని మళ్ళీ ఇవ్వరు," అంది చిన్నది.

అత్తగారి ముందు ఓడిపోయి నిలబడటమా అని రోషం పొడుచుకొచ్చింది. ఒక్క క్షణం చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. వెనక సీట్లో ఉడత బిస్కెట్టు కొరుకుతోంది. రోషానికి జీపు తేలదు. తాళం తీసి జేబులో వేసుకున్నాను.

"నన్ను ఎంతైనా తిట్టు. పిల్లతో దిగను. రాత్రికి జీపులోనే పడుకుందాం."

చిన్నది నీళ్ళ వంక చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"జీపులో ఎందుకు? ఆ ఇంట్లో నా మంచం ఉంది. వెనక్కి తిప్పు."

ఈసారి అత్తగారి ముఖం వెలిగిపోయింది. "ఏం, నీళ్ళకి భయపడ్డారా?"

నేను నోరు తెరవబోయాను. చిన్నది నన్ను పక్కకి జరిపి, పిల్లని చంకనేసుకుని లోపలికి నడిచింది. ఆ ఇంట్లో అన్నేళ్ళూ నేలచూపులతోనే బతికిన మనిషి, ఆవిడ కళ్ళలోకి చూసింది.

"అవునత్తయ్యా. నీళ్ళకే భయపడ్డాం. మీకు కాదు. నీళ్ళు ఆగాక ముగ్గురం వెళ్తాం."

మా మరిది తల్లి వంక చూశాడు. చిన్నది పడకగదిలోంచి అతని తలగడ తెచ్చి అతని చేతిలో పెట్టింది. నన్ను కూడా గదిలోకి లాగి గడియ వేసింది.