అటుక మీది పిడికిళ్లు

మా ఇంట్లో పొద్దున ఎసరు మరిగేలోపు, బియ్యం కడగడానికి ముందు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పిడికిళ్ల బియ్యం తీసి ఒక మట్టికుండలో వేస్తాం. ఒక్కో పిడికిలికి ఒక్కో పేరు చెప్పి, ఈ దినమంతా ఈ మనిషిని కాపాడు ప్రభువా అని అప్పజెప్తాం. ఆదివారం ఆ బియ్యం మా ప్రార్థన గుడికి తీసుకుపోయి సంఘం సంచిలో పోస్తాం. చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న మా ఊళ్లో మెథడిస్టు ఇళ్లన్నిటా ఇదే అలవాటు. దీనికి రెండు కట్టుబాట్లున్నాయి. ఎవరి పిడికిలి వారు వేసుకోకూడదు, ఇంకొకరు వేయాలి. చనిపోయినవారి పేరున వేయకూడదు. వాళ్లు దేవుని దగ్గరికే చేరారు, మళ్లీ అప్పజెప్పేది ఏముందని పెద్దలంటారు.

మా ఇంట్లో నాలుగు పిడికిళ్లు. మా అవ్వ సత్తవ్వ, అంటే మా అమ్మ, నా పేరున, నా భార్య రెబెకా పేరున, మా బిడ్డ హెప్సిబా పేరున వేసేది. అవ్వ పేరున హెప్సిబా వేసేది. మా నాన్న సాల్మన్, మేము బాపు అనేవాళ్లం, చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. నాకొక అన్న కూడా ఉండేవాడు, తిమోతి. ఎనభై ఆరులో వరద వచ్చినప్పుడు, ఏడేళ్ల వయసులో, బాపు చెయ్యి జారి నీళ్లలో పోయాడు. దొరకలేదు. అప్పటికి నాకు రెండేళ్లు. వాడి ముఖం నాకు గుర్తు లేదు. ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తేవారు కాదు.

రెండు వేల ఇరవై రెండు జూలైలో గోదావరి మళ్లీ ఊళ్లోకి వచ్చింది. బియ్యం సంచినీ పిడికిళ్ల కుండనూ వంటింటి పెంకుల కింద చెక్కలతో వేసిన అటుక మీదికి ఎక్కించి, తలుపుకు గొళ్లెం పెట్టి, ట్రాక్టరెక్కి చెన్నూరు పోయాం. అక్కడ ఒక ఫంక్షన్ హాలులో నాలుగు రోజులున్నాం.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో మోకాలి లోతు బురద. నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గీత గీసినట్టు తెలుస్తోంది. కిటికీలు మునిగాయి, నీళ్లు అటుకకు జానెడు కింద ఆగాయి. గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను నిచ్చెన వేసి సంచిని, కుండను దించాను. కట్టి పెట్టిన సంచి మూతి విప్పి ఉంది. కుండలో మేము వదిలి వెళ్లిన కొద్దిపాటి బియ్యం మీద ముద్దలు ముద్దలుగా బియ్యం ఉంది. తడి చేత్తో పిడికిలి పట్టి వదిలితే ఎలా అంటుకుంటుందో అలా, వేళ్ల గుర్తులతో సహా ఎండి గట్టిపడి ఉన్నాయి.

అవ్వ వాటిని ఒక్కొక్కటే తీసి చాటలో పెట్టింది. పన్నెండు. తన పిడికిలి పక్కన పెట్టి చూసుకుంది. ముద్ద అందులో సగం కూడా లేదు. తొమ్మిదేళ్ల హెప్సిబా ఒకటి తీసి చేతిలో పట్టుకుంది.

"నా చెయ్యి కన్న జర చిన్నగుంది, నాయినమ్మా" అంది.

పక్కింటి సారయ్య బురద ఎత్తే పార భుజాన వేసుకుని వచ్చి చూశాడు. కోతులు అటుక ఎక్కి ఉంటాయన్నాడు. ఊరంతా మునిగితే అవి ఎక్కడికి పోతాయి, పెంకులు జరిపి దిగి ఉంటాయన్నాడు. నేను పైకి చూశాను. పెంకులు సరిగ్గానే ఉన్నాయి.

"కోతులు సంచి ఇప్పి తింటయి గని కుండల కానుక ఏస్తయా?" అంది అవ్వ.

"మీ ఇంటి కోతులు గద పెద్దవ్వా, బాప్తిస్మం తీసుకున్నయేమో" అన్నాడు సారయ్య. రెబెకా కూడా నవ్వింది. అవ్వ నవ్వలేదు.

అతను పోయాక అవ్వ ఆ ముద్దలను చాటలో మూడేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చింది. తర్వాత నన్ను పిలిచి మెల్లగా చెప్పింది.

"నాలుగు పొద్దులు లేము. పొద్దుకు మూడే ఏసిండ్లు. మనం నలుగురం. ఒకలను ఇడిచిపెట్టిండ్లు బిడ్డా."

ఎవరు వేశారని నేను అడగలేదు. ఎవరిని వదిలారని అడిగాను.

"ఇంకెవల్ని, నన్నే. డెబ్బై ఎనిమిదేండ్లు వచ్చినయి. ఇంకెన్ని దినాలు కాపాడాలె?"

ఆమె గొంతులో భయం లేదు. ఆ మరునాడే తన తెల్లచీర ఉతికి, మడత పెట్టి, బైబిలు పక్కన పెట్టుకుంది. నాకు మాత్రం ఆ లెక్క మనసులో పడిపోయింది. పొద్దున లేవగానే ముందు అవ్వ ఊపిరి చూసేవాణ్ని. ఆమె మాకన్నా ముందే లేచి బురద కడిగేది, బ్లీచింగ్ చల్లేది, కాచి చల్లార్చిన నీళ్లే తాగమని అందరినీ గదిమేది. రెండు వారాలు గడిచినా అవ్వకు తుమ్ము కూడా రాలేదు.

జ్వరం హెప్సిబాకు వచ్చింది.

వరద తర్వాత ఊళ్లో ఇంటికొకరికి జ్వరం ఉంది. ఆశా కార్యకర్త మహేశ్వరి వచ్చి రక్తం తీయించింది. డెంగీ అన్నారు. చెన్నూరులో చూసినప్పుడు ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. రెండు రోజులకు నలభై రెండు వేలు. మంచిర్యాల పెద్దాసుపత్రిలో చేర్చాం. చేర్చిన మరునాడు పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఆ సాయంత్రం పంతొమ్మిది వేలకు పడ్డాయి. రక్తం ఇచ్చేవాళ్లను సిద్ధంగా ఉంచుకోండి, రేపు ఒక్కరోజు గడవాలి అని డాక్టరమ్మ చెప్పింది.

రెబెకా మంచం పక్క నుంచి లేవలేదు. అవ్వ లెక్క నా నోటే విన్నది, నన్ను ఒక్క మాటే అడిగింది, ఆ వదిలిపెట్టిన ఒక్కరు మన పిల్లేనా అని. అలాంటివి నమ్మకూడదన్నాను. నేను నమ్మడం లేదని మాత్రం చెప్పలేకపోయాను.

పొద్దున మొదటి బస్సుకు నేను ఊరికి వచ్చాను. ఆధార్ కార్డులు, బట్టలు తీసుకుపోవాలి. అవ్వ ఆసుపత్రికి రానని ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇంటికాడ పనుంది అంది. ఒంటరి ముసలామెకు ఏం పనో అని అప్పుడు విసుక్కున్నాను.

వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపల ఆమె మాటలు వినిపించాయి. ఎవరైనా వచ్చారేమో అనుకున్నాను. వంటింటి గుమ్మం దగ్గర ఆగాను. అవ్వ అటుక కింద నిలబడి, మెడ పైకెత్తి, దూరపు ఊరి చుట్టానికి ఇంటి సంగతులు చెప్పినట్టు చెబుతోంది.

"రెబెకా అంటె నీ తమ్ముని పెండ్లాం. నీకు మరదలైతది. కోటపల్లి పిల్ల. దాని బిడ్డ హెప్సిబా. నోరు తిరగకుంటె చిన్ని అను. గా పిల్ల పేరున ముందుగాల ఎయ్యి కొడుకా."

మళ్లీ అంది.

"బాపుది బంద్ చెయ్యి. బాపు నీ తానికే వచ్చె గదరా, ఇరవై ఏండ్ల కింద. కలువలేదా?"

అలా అడిగి, తల పక్కకు వంచి, వింటున్నట్టు నిలబడింది. బయట ఎండ కాస్తోంది. వంటింట్లో ఆ మూల ఇంకా వరద వాసన ఉంది. అటుక చెక్కల సందు నుంచి ఒక నీటిచుక్క ఆమె భుజం మీద పడింది. ఆమె తుడుచుకోలేదు.

నేను దగ్గితే తిరిగి చూసింది. దొరికిపోయిన ముఖం కాదు. కూర్చోమని పీట వేసింది. చనిపోయినవారితో మాట్లాడడం బైబిలు వాక్యంలో వద్దని ఉంది కదా అవ్వా అన్నాను.

"నేను సచ్చినోన్ని ఏమన్న అడుగుతున్ననా? ఇంట్ల మనుషుల పేర్లు చెప్తున్న. వానికి ఎవలు చెప్పిండ్లు ఇన్నొద్దులు?"

అప్పుడు మొత్తం చెప్పింది. చిన్నప్పుడు ఆ పిడికిళ్లు వేసే పని తిమోతిదేనట. పొద్దున లేవగానే కుండ ముందు కూర్చుని అవ్వ పేరున ఒకటి, బాపు పేరున ఒకటి, తమ్ముని పేరున ఒకటి వేసేవాడట. తన పేరున మాత్రం అవ్వ వేసేదాకా అక్కడే కూర్చునేవాడట. వరద వచ్చిన ఆ పొద్దున కూడా వాడు మూడూ వేశాడు. నాలుగోది అవ్వ వేయాలి. అంతలో నీళ్లొచ్చాయని వాకిట్లో ఎవరో అరిచారు. నన్ను చంకనేసుకుని అవ్వ పరుగెత్తింది.

"వాడు మనల ఎవల్నీ ఇడువలేదు బిడ్డా. వానికి ఎర్కున్న పేర్లు గా మూడే. నేను, బాపు, నువ్వు. వచ్చినోళ్లు తెల్వదు, పోయినోళ్లు తెల్వదు. నేనే పాడుబుద్ధితోని ఉల్టా లెక్క చేసిన."

నేను పైన అటుక వైపు చూశాను. వాడికి బాపు పోయిన సంగతి తెలియదంటే, వాడు బాపును చూడలేదన్నమాట. దేవుని దగ్గరికి చేరినవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారని మేము పాడుకుంటాం కదా. మరి వీడు ఎక్కడున్నాడు? ఆ మాట నా నోటి దాకా వచ్చింది. అవ్వ ముఖం చూసి మింగాను.

ఆమె కుండ దించి నా ముందు పెట్టింది. పొడి బియ్యం మీద మూడు ముద్దలున్నాయి. ముట్టుకుంటే చల్లగా, తడిగా ఉన్నాయి.

"మీరు దవాఖానకు పోయినంక కుండ మల్ల అటుకెక్కించిన. నిన్నటి దాక రోజూ పాత మూడు పేర్లే. ఇయ్యాల మీ మూడు. నువ్వు, రెబెకా, పిల్ల. చిన్న చెయ్యి, ఎక్కువ మొయ్యలేడని బాపుది నాది ఇడువమన్న."

అప్పుడే నా జేబులో ఫోను మోగింది. రెబెకా ఏడుస్తోంది.  ప్లేట్‌లెట్లు ముప్పై ఒక్క వేలకు వచ్చాయట, చిగుళ్ల రక్తం ఆగిందట, పిల్ల ఇడ్లీ అడిగిందట. సెలైను పనిచేస్తోందని డాక్టరమ్మ చెప్పిందట.

నేను అవ్వకు చెప్పాను. ఆమె తల ఊపి, గోడ గూట్లో బైబిలు పక్కన మడిచి పెట్టిన తెల్లచీర వైపు చూసింది. వేసంగి పంట పనులన్నీ అయిపోయిన రైతు ముఖంలా ఉంది ఆమె ముఖం.

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. హెప్సిబా లేని ఈ మూడు రోజులు అవ్వ పేరున పిడికిలి వేసినవాళ్లు లేరు. నేను సంచిలో చెయ్యి పెట్టి, పిడికిలి నిండా బియ్యం తీసి, సత్తవ్వను కాపాడు ప్రభువా అని కుండలో వేశాను. చాలదనిపించింది. లేచి అటుక కింద నిలబడ్డాను. నా జన్మలో ఎవరినీ పిలవని పిలుపు పిలిచాను.

"అన్నా, అవ్వ పేరు ఇడువకు. నాలుగు ఎయ్యి."

పైన చెక్క ఒకటి కిర్రుమంది. కర్ర ఎండకు అలాగే అంటుందని నాకు తెలుసు.

వారానికి హెప్సిబా ఇంటికి వచ్చింది. ఆదివారం బియ్యం గుడికి తీసుకుపోతే, సంచి పట్టే బుచ్చవ్వ చెయ్యి పెట్టి ముద్దలు నలుపుతూ, మీ ఇంట్ల ఇంక తడారలేదా యేసుదాసూ అంది. వరద పోయి నెల దాటింది. నేను తల ఊపాను. అప్పటి నుంచి గుడికి పోయే ముందే నేను ముద్దలు చిదిమేస్తాను.

ఇప్పటికి రెండేళ్లు. అవ్వకు ఎనభై. కళ్లద్దాలు లేకుండా వాక్యం చదువుతుంది. రెండు కిలోమీటర్లు నడుస్తుంది. చెన్నూరు డాక్టరు రక్తపోటు చూసి, ఏం తింటున్నవు అవ్వా అని అడిగితే, అందరు తినేదే అంది. ఊరివాళ్లు దేవుని కృప అంటారు. నేనూ ఆమేన్ అంటాను.

నన్ను తొలిచేది ఒక్కటే. ఎనభై ఆరు వరద నాటి పొద్దున వేయకుండా పోయిన తిమోతి పిడికిలి ఇంకా అలాగే బాకీ ఉంది. చనిపోయినవారికి వేయకూడదన్న కట్టుబాటు వల్ల అవ్వ వేయలేదనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. అప్పజెప్తే వాడు దేవుని దగ్గరికి పోతాడు, ఇంక ఇక్కడ ఉండడు. అందుకే వేయలేదు. ఆమె తల్లి, ఆమెను తప్పుపట్టలేను. మరి నేను? పొద్దున మేము వేసే నాలుగు పిడికిళ్లూ పూర్తయ్యాక నా చెయ్యి మళ్లీ సంచిలోకి పోతుంది. బియ్యం పట్టుకుంటాను. తిమోతి అనే పేరు నాలుక మీదికి వస్తుంది. అంతలో పెరట్లో అవ్వ దగ్గు వినిపిస్తుంది, ఆమె కోళ్లను అదిలించే కేక వినిపిస్తుంది. పిడికిలి విప్పేస్తాను.

తల్లి ఆయుష్షు మీద ఆశతో ఒక చిన్నపిల్లవాణ్ని అటుక మీదే ఆపేశానా? గుడిలో అయ్యగారిని అడగాలని ప్రతి ఆదివారం అనుకుంటాను. అడిగితే వేయమంటారు.

నిన్న పొద్దున కూడా కుండలో నాలుగు చిన్న ముద్దలున్నాయి. తడిగానే ఉన్నాయి.