గేరు పక్క సీటు

బస్సు లోపలి అద్దంలో పిల్లల తలలు చూసుకోవడం డ్రైవరు పని. వారం రోజులుగా అతను ఆ అద్దంలో ఒక్క సీటే చూస్తున్నాడు. స్కూల్లో లైబ్రరీ చూసే అతని భార్య ఎప్పుడూ గేరు పక్క సీట్లో కూర్చునేది. ఇప్పుడు వెనక్కి పోయి డ్రిల్లు మాస్టారి పక్కన కూర్చుంటోంది. ఆయన విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ ఏదో చెబుతాడు, ఈవిడ తలూపుతుంది. తలూపినప్పుడల్లా ఇతను బ్రేకు తొక్కుతాడు.

"తమ్ముడూ, పిల్లల ముక్కులు పచ్చడవుతున్నాయి. ఆ అద్దంలోంచి దిగి రోడ్డు మీదికి రా," అంది ఆయా.

పిల్లల్ని దించాక ప్రిన్సిపాల్ అతన్ని గదిలోకి పిలిచాడు. ఎన్నడూ లేనిది, కూర్చోమన్నాడు కూడా.

"నేనేవో కాని మాటలన్నానని మీ ఆవిడ యాజమాన్యానికి ఫిర్యాదు చేసింది. రేపే విచారణ. సాక్షి ఎవరనుకున్నావ్? డ్రిల్లు మాస్టారు! అసలు వాళ్ళిద్దరికీ అంత చనువేమిటో కనుక్కో. ఇంట్లో నీ మాట చెల్లుతుందనుకుంటాను."

బయటికి వచ్చేసరికి అతని చెవులు వేడెక్కాయి. ప్రిన్సిపాల్ తన భార్యను ఏదో అన్నాడన్నది వెనక్కిపోయింది. ఆ సంగతి తనకన్నా ముందు ఇంకొక మగవాడికి తెలియడమే కడుపులో మండింది.

ఇంటికొచ్చి, గిన్నెలు కడుగుతున్న భార్య వెనక నిలబడ్డాడు.

"మాస్టారితో చెప్పుకున్నావు. మొగుడనేవాణ్ణి ఒకణ్ణున్నానని గుర్తు రాలేదా?"

"నేను చెప్పుకోలేదు. ఆయనే విన్నారు."

"ఎక్కడ?"

"మీ బస్సులో."

అతను గతుక్కుమన్నాడు.

"ఆటల పోటీల నుంచి వస్తూ పెద్దసారు నన్ను లేపి నా సీట్లో కూర్చున్నాడా? మీ భుజం తట్టి, 'ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని పొద్దున్నే బండెలా తీస్తావోయ్' అన్నాడా? మర్నాటి నుంచీ లైబ్రరీకొచ్చి అదే వరస. ఇదేం మాటండీ అంటే, 'మీ ఆయనే నవ్వాడుగా, నీకెందుకు రోషం' అంటాడు."

నిజమే, నవ్వాడు. పైవాడు జోకేస్తే నవ్వడం అతనికి మలుపులో హారను కొట్టడం లాంటిది, చెయ్యి దానంతటదే పోతుంది. అప్పుడు వెనక నుంచి డ్రిల్లు మాస్టారు, "సార్, ఇది స్కూలు బస్సండీ," అన్నాడు. ఈ మాస్టారికి నోరెక్కువ అనుకున్నాడు ఆ రోజు.

ఆమె మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది. ఇప్పుడు అతని అసూయ సీటు మీద లేదు. ఆ ఒక్క మాట మీదికి పోయింది. దాన్ని మాస్టారి నోట్లోంచి లాక్కుని తన నోట్లో పెట్టుకోవాలనిపించింది.

మర్నాడు విచారణ గది బయట బల్ల మీద భార్య, మాస్టారు కూర్చుని ఉన్నారు. "రండి, కూర్చోండి," అంటూ మాస్టారు జరిగాడు. ఆ జరగడంలోని మర్యాదకి కూడా ఇతనికి ఒళ్ళు మండింది. కూర్చోకుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"మీరెవరు?" అంది విచారణ చేస్తున్న పెద్దావిడ.

"బస్సు డ్రైవర్నండి, ఆవిడ భర్తని. బస్సులో సారు ఆ మాట నాతోనే అన్నారు. నేనూ సాక్షినే."

ఎదురుగా కూర్చున్న ప్రిన్సిపాల్ తాపీగా అడిగాడు. "మరప్పుడు నువ్వేమన్నావయ్యా?"

తలుపు తెరిచే ఉంది. బయట భార్య వింటోందని అతనికి తెలుసు.

"ఏమీ అనలేదండి. నవ్వాను." తలుపు వైపు ఓసారి చూశాడు. "అది తప్పని చెప్పింది మాస్టారొక్కరే. అది కూడా రాసుకోండి."

అన్నిటికన్నా ఆ చివరి మాటే బయటికి రావడం కష్టమైంది.

సాయంత్రం ఆమె బస్సెక్కింది. గేరు పక్క సీటు దగ్గర ఒక్క క్షణం ఆగి, తన సంచి అందులో పెట్టి, వెనక్కి వెళ్ళి మాస్టారి పక్కనే కూర్చుంది.

అతను అద్దంలోకి చూడబోయి మానుకున్నాడు. ప్రతి మలుపులోనూ ఎడం చేత్తో సంచిని పట్టుకున్నాడు, పడిపోకుండా.