నిండు గీత

అంతోని ట్రేసింగు గుడ్డ మీద సుద్దపొడి చల్లి పాత పంచెముక్కతో మెల్లగా రుద్దాడు. రుద్దకపోతే సిరా పట్టదు. విజయవాడ కరెంటు ఆఫీసులో పటాలు గీసే గది అది. అంతోని సన్నటి మనిషి. కుడి చూపుడువేలి గోరు సిరాకి ఎప్పుడో నల్లబడిపోయింది. ఈ సాయంత్రంతో అతని ఉద్యోగం అయిపోతుంది. ఈమధ్య చెయ్యి వణుకుతోందని ఇంట్లో భార్య అమలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

గుడ్డ కింద కాగితం మీద రెండు పెన్సిలు గీతలున్నాయి. రెండువేల సంవత్సరం నాటికి జిల్లాకు ఎంత కరెంటు కావాలో ఇద్దరు ఇంజనీర్లు వేసిన అంచనాలు. రెండూ ఒక్క చుక్క దగ్గరే బయల్దేరాయి. పోనుపోను ఒకటి కాలవగట్టులా సాఫీగా సాగితే, రెండోది కొండపల్లి కొండలా పైకి లేచింది. ఒప్పుకున్న అంచనాను నిండు గీతగా, కాదన్నదాన్ని చుక్కల గీతగా దిద్ది హైదరాబాదు పంపాలి. ఏది ఏదో ఇంకా తేలలేదు.

"ఊరూరా బల్బు వెలిగిస్తావటయ్యా! బొగ్గు మీ మామగారు పంపుతాడా?" అన్నాడు పెద్ద ఇంజనీరు వెంకటకృష్ణారావు.

"మీ లెక్క అంతా గడిచిన పదేళ్ల వాడకమేనండీ. అప్పుడు తీగ వెళ్లని ఊరికి ఇకముందూ వెళ్లదనేగా మీరనుకున్నది?" అన్నాడు కుర్ర ఇంజనీరు రామకోటేశ్వరరావు.

అంతోని తలెత్తాడు. "మా పేట ఏ గీతలో ఉందండీ?"

"పైదాంట్లో, అంతోనిగారూ. కిందిదాంట్లో మీకు లాంతరే," అన్నాడు రామకోటేశ్వరరావు.

ముగ్గురూ నవ్వారు. ఏ గీతో తేల్చుకోవడానికి ఇంజనీర్లిద్దరూ ఆఫీసరు గదిలోకి వెళ్లారు.

మధ్యాహ్నం అంతోని అన్నం క్యారియరు విప్పి కూర్చున్నాడు. వాళ్ల ఊరి కరెంటు స్తంభాలు కాలవ దాకా వచ్చి ఆగిపోయాయి. పేట కాలవకు అవతల ఉంది. జిల్లాలో లైన్లన్నీ గీసిన చెయ్యి పొద్దుగూకితే లాంతరు చిమ్నీ తుడుస్తుంది. పై గీతే నిండాలని మనసు కోరుతోంది. చుక్కల గీతకైతే మధ్యమధ్య చెయ్యి ఆపి ఊపిరి తీసుకోవచ్చు. నిండు గీతను ఒక్క బిగిన లాగాలి. ఈ చెయ్యి లాగుతుందా?

మూడు దాటాక వెంకటకృష్ణారావు బయటికి వచ్చాడు. "పైదే నిండుగా లాగు, అంతోనీ. నాదానికి చుక్కలు పెట్టు. ఏడ్చినట్టు కాదు, అందంగా పెట్టు."

"అలాగేనండీ."

ముందు చుక్కలు పూర్తిచేశాడు. తర్వాత ఫ్యాను కట్టేశాడు. కొండపల్లిలో బొమ్మలు చెక్కే పేరయ్య ఎన్నడో చేసిచ్చిన వంపుచెక్కను పై గీత వెంట ఆనించాడు. కలం గాలిలో వణికింది. చెక్కను తాకగానే కుదురుకుంది. ఊపిరి బిగబట్టి లాగాడు. రెండువేల దాకా ఎక్కడా తెగలేదు, ఉబ్బలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టయి, అతను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం వీడ్కోలుకు అందరూ చేరి టీ ఇచ్చారు, దండ వేశారు. దండను క్యారియరుతోపాటు సంచిలో పెట్టుకున్నాడు. చెక్కనూ పెట్టబోయి ఆగాడు. అంచు తడిగా ఉంది, సంచి మరకవుతుంది.

"ఆరనీ, రేపు తీసుకుంటాలే," అని అలవాటుగా అనుకుని, బస్సు వేళవుతోందని మెట్లు దిగాడు.

పటం పక్కన వంపుచెక్క బోర్లా పడుకుని ఉంది. నల్లటి అంచు మీద సిరా ఇంకా మెరుస్తోంది.