రత్నం పాడిన పదకొండు పాటలు

నూకరత్నానికి గొంతు పోయి నాలుగేళ్లయింది. పూర్తిగా పోలేదు. దగ్గరగా కూర్చుంటే వినపడేంత మిగిలింది. మెడలో గడ్డ తీయించడానికి చెన్నై వెళ్లినప్పుడు డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణానికి భయం లేదు గానీ గడ్డ గొంతు నరాన్ని పట్టుకుని ఉంది, ఆపరేషన్ తర్వాత మాట ఎలా ఉంటుందో చెప్పలేనని. నెల తర్వాతకి తేదీ ఇచ్చి పంపేశాడు.

పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగొచ్చిన మర్నాడే ఆమె మొగుడు గవరయ్య ఫోను పట్టుకుని వంటగదిలోకి వెళ్లాడు.

"పాడు" అన్నాడు.

"నేనేమన్నా రేడియోలో పాడేదాన్నా? పోండి అవతలికి" అంది రత్నం, చేపల కత్తిపీట ముందు కూర్చుని.

"రోజూ పాడుకుంటావు కదా. అవే."

గవరయ్య ఫీనిక్స్ బే రేవు నుంచి దీవుల మధ్య తిరిగే బోట్లలో ముప్పై రెండేళ్లు పనిచేశాడు. అప్పటికి సెరాంగు, అంటే తాళ్లు కట్టేవాళ్ల దగ్గర్నుంచి డెక్కు మీద పనిచేసే అందరికీ పెద్ద. ఇంట్లో గట్టిగా ఒక కోరిక కోరిన మనిషి కాదు. అలాంటివాడు నెల రోజులు ఫోను పట్టుకుని వెనకాలే తిరుగుతుంటే రత్నానికి ముందు కోపం, తర్వాత నవ్వు, ఆఖర్న జాలి వచ్చాయి. పాడింది. చేపలు కోస్తూ కొన్ని, బట్టలు మడతపెడుతూ కొన్ని, మొత్తం పదకొండు. అన్నీ వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఆవిడ భీమిలి పక్క పల్లె నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి బతు బస్తీలో కాపురం పెట్టినప్పుడు వెంట తెచ్చుకున్న పాటలు. ఏ పుస్తకంలోనూ లేవు. ఫోన్లో వాటికి పేర్లు పెట్టింది కూతురు సుష్మ. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం చేతకాక ఇంగ్లీషు అక్షరాల్లో ఒకదానికి జోలపాట, ఒకదానికి ఊయలపాట, ఒకదానికి హారతి అని టైపు చేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాట మాత్రం గుసగుసకి దిగిపోయింది. ఎవర్నైనా పిలవాలంటే రత్నం చప్పట్లు కొట్టేది. అలవాటైపోయింది అందరికీ. ఒకసారి గవరయ్య హాల్లో కూర్చుని ఆ పాటల్లో ఒకటి పెడితే, ఆమె లేచి పెరట్లోకి వెళ్లిపోయి, ఆరని బట్టలన్నీ తీగ మీంచి తీసేసింది. అప్పట్నుంచి ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే విన్నాడు. మధ్యాహ్నం భోజనం అయ్యాక రత్నం కాసేపు పడుకుంటుంది. ఆ గంటా వరండాలో ఆయనకి పాటల గంట. రిటైరయ్యాక అయితే ఒక్కరోజు తప్పలేదు.

మొన్న జూన్‌లో సుష్మ తండ్రికి కొత్త ఫోను తెప్పించింది. కరెంటాఫీసులో పని ఆ పిల్లకి. ఆదివారం పొద్దున్నే కూర్చుని పాత ఫోన్లో ఉన్నవన్నీ కొత్తదాన్లోకి మార్చింది.

"నాన్నా, మ్యూజిక్ యాప్ పూఛ్ రహా హై. నీ పాటలన్నీ సరిగ్గా సర్దిపెట్టమంటావా అని. పెట్టమననా?"

"సర్దితే మంచిదే కదమ్మా."

సుష్మ నొక్కింది. పాత ఫోను శుభ్రంగా చెరిపేసి, మధ్యాహ్నం మళ్లీ వచ్చిన కొరియర్ అతని చేతికి మార్పిడి కింద ఇచ్చేసింది.

సోమవారం మధ్యాహ్నం గవరయ్య వరండాలో కూర్చుని జోలపాట నొక్కాడు. ముందు వేణువు వినిపించింది. తర్వాత వీణ. ఆ తర్వాత ఎవరో అమ్మాయి, తేనెలో ముంచినట్టున్న గొంతుతో, ఆయనెప్పుడూ వినని జోలపాట మొదలుపెట్టింది. వేలు పక్కకి పడిందనుకుని ఆపి మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే వేణువు. హారతి నొక్కితే గుడి గంటలతో పదిమంది కలిసి పాడుతున్నారు. తొమ్మిది పాటలు ఇలాగే ఉన్నాయి. పేర్లు అవే, గొంతులు వేరు. మిగతా రెండూ బూడిదరంగులోకి మారిపోయి ఎంత నొక్కినా పలకలేదు.

లోపల మంచం మీద రత్నం అటు తిరిగి పడుకుని ఉంది. చెప్పులేసుకుని చప్పుడు చేయకుండా వీధిలోకి నడిచాడు.

బజార్లో రాజ్‌కిరణ్‌ది ఫోన్లు బాగుచేసే కొట్టు. ఆ కుర్రాడు ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు.

"అంకుల్, ఈ యాప్ వాళ్లకి పాటలమ్మే దుకాణం ఉంది. నెట్‌లో. సర్దమన్నారు కదా, మీ పాటల పేర్లు చూసింది. అవే పేర్లతో వాళ్ల దగ్గర పాటలున్నాయి. రెండూ ఒకటే అనుకుని మీవి తీసేసి వాళ్లవి పెట్టింది."

"మరి ఈ రెండూ?"

రాజ్‌కిరణ్ ఇబ్బందిగా చదివాడు. "మీ ప్రాంతంలో ఈ పాట అందుబాటులో లేదు అంటోంది."

"మా వంటింట్లో పాడిన పాట మా ప్రాంతంలో లేకపోవడమేంట్రా?" అన్నాడు గవరయ్య. గొంతు పెద్దదైంది. కొట్టు ముందు నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. ఆయన వెంటనే తగ్గి, "పాత ఫోన్లో ఉన్నాయేమో, దాన్ని ఎక్కడైనా పట్టుకోవచ్చా?" అని అడిగాడు.

"చెరిపేశారు కదా అంకుల్. అది ఈపాటికి మెయిన్‌ల్యాండ్ వెళ్లిపోయుంటుంది."

కంపెనీకి రాద్దామని ఇద్దరూ కూర్చున్నారు. ముందు ఒక మెషీన్ పలికింది. మీకెలాంటి సంగీతం ఇష్టం అని అడిగింది. మా ఆవిడ పాటలు పోయాయి అని రాజ్‌కిరణ్ రాస్తే, ఆవిడ ఏ ఆల్బమ్‌లో పాడారు అంది. ఆల్బమ్ లేదంటే, అయితే ఇవి మీకు నచ్చవచ్చు అని ఇరవై పాటలు చూపించింది. మనిషితో మాట్లాడాలి అని నాలుగుసార్లు రాశాక, మీ మాట మావాళ్లకి అందజేస్తాం అని ఊరుకుంది.

"సుష్మకి తెలియనివ్వకు" అన్నాడు గవరయ్య లేస్తూ. "తన చేత్తో నొక్కింది. తట్టుకోలేదు."

వారం రోజులకి జవాబు వచ్చింది. రాజ్‌కిరణ్ దాన్ని తెలుగులో చెప్పడానికి తంటాలు పడ్డాడు.

"మీ పాత కాపీల్లో చప్పుళ్లు ఎక్కువున్నాయంట అంకుల్. అందుకే వాటి చోట ఇంకా మంచివి పెట్టారంట. పాతవి తిరిగిరావంట."

గవరయ్య పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. చప్పుళ్లంటే ఏమిటో ఆయనకి తెలుసు. బట్టలు దులిపిన చప్పుడు, కుక్కర్ కూత, మధ్యలో రత్నం "కాస్త ఆగండి, ఉప్పు వేసొస్తాను" అన్న మాట. రాజ్‌కిరణ్ టీ తెప్పించి చేతిలో పెట్టాడు.

"ఎవరికైనా ఎప్పుడైనా పంపించారా ఆ పాటలు? యాద్ కరో అంకుల్. బ్లూటూత్‌లోనైనా సరే."

టీ సగం తాగాక గవరయ్య తలెత్తాడు. "తాతబ్బాయి" అన్నాడు.

తాతబ్బాయి ఆయన కింద తాళ్లు కట్టే పనిచేసిన లస్కరు. ఇప్పుడు హట్ బే వెళ్లే బోటు మీద ఉన్నాడు. ఉద్యోగం ఆఖరి నెలలో ఒకరోజు డెక్కు మీద గవరయ్య పాట వింటుంటే, నాకూ కావాలని ఫోన్లోకి లాక్కున్నాడు. ఏ పాటలో, ఎన్నో గుర్తులేదు. ఫోన్ చేస్తే కలవలేదు, సముద్రం మీదున్నాడేమో.

మర్నాడు ఫీనిక్స్ బే వెళితే, గాలి ఎక్కువగా ఉండి హట్ బే బోటు బయల్దేరలేదన్నారు. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం మళ్లీ వెళ్లాడు. గేటు దగ్గర కూలీ ఒకతను గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్లాడు. టికెట్ క్యూ పక్కనుంచి నడిచి, తను వేలసార్లు తాడు విసిరిన చోటే నిలబడి, బోటు గోడకి ఆనేదాకా చూశాడు. ప్రయాణికులు సంచులతో దిగిపోయారు. చివర్న తాతబ్బాయి కనిపించాడు, కాస్త లావెక్కాడు.

"అరే, సెరాంగ్ సాబ్! మీరేటి ఇక్కడ?"

గవరయ్య నిలబడే అంతా చెప్పాడు. తాతబ్బాయి వింటూ వింటూ జేబులోంచి ఫోను తీశాడు. అద్దం మూలంతా పగిలి, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"మూడున్నాయి" అన్నాడు. "ఇంకా ఉండేవి, నిండిపోయిందని తీసేశాను. మాఫ్ కర్నా సాబ్. ఈ జోలపాట మాత్రం ఎప్పుడూ తీయలేదు. నేను బోటు మీద పోతే మా పిల్ల గవరమ్మ పడుకోదు. పుట్టిందగ్గర్నుంచీ ఇది పెట్టే పడుకోబెడతాం. మూడు నిండాయి దానికి. నేను లేని రోజుల్లో హట్ బే నుంచి ఫోన్ చేసి వినిపిస్తాను. ఇది వినకపోతే ఇల్లెగరగొడుతుంది."

తాతబ్బాయి పాట నొక్కాడు. బోటు ఇంజను ఇంకా ఆగలేదు. ఆ హోరులోనే రత్నం గొంతు సన్నగా, కాస్త తొందరగా, చేపల మీద నీళ్లు పోస్తున్న చప్పుడుతో కలిసి వచ్చింది. గవరయ్య పక్కనున్న ఇనుప గుంజని పట్టుకున్నాడు. తాతబ్బాయి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

ఇద్దరూ ఆటోలో రాజ్‌కిరణ్ కొట్టుకి వెళ్లారు. మూడు పాటలూ రెండు మెమరీ కార్డుల్లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి, రాజ్‌కిరణ్ సొంత కంప్యూటర్లోకి కూడా ఎక్కాయి. ఆ యాప్‌ని గవరయ్య ఫోన్లోంచి తీసేశాకనే మిగతా పని మొదలుపెట్టాడు రాజ్‌కిరణ్.

ఇంటికొచ్చేసరికి రత్నం వాకిట్లో నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"పది రోజులయింది మీరు వరండాలో కూర్చుని" అంది గుసగుసగా. "ఏటయిందో చెప్పండి. ఒంట్లో బాగులేదా?"

"నువ్వు పడుకుంటావు కదా ఆ టైములో."

"కళ్లు మూసుకుంటే పడుకున్నట్టేనా? మీరు వింటున్నారని తెలుసు. కాలుతో తాళం వేస్తారు, నేల మీద. అది వింటూ పడుకుంటాను."

గవరయ్య చెప్పాడు. ఎనిమిది పోయాయి, మూడు మిగిలాయి అన్నాడు. నేనే సర్దమన్నాను అన్నాడు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన సుష్మ గుమ్మంలో ఆగిపోయి అంతా వింది.

"నేను నొక్కాను నాన్నా. నేనే నొక్కాను. సరిగ్గా చదవనేలేదు" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

రత్నం లేచి కూతురి పక్కన నేల మీద కూర్చుంది. కళ్లు తుడిచింది. మొగుడి వైపు చెయ్యి చాపింది, ఫోను ఇమ్మన్నట్టు.

"వింటావా?" అన్నాడు గవరయ్య. నమ్మలేకపోయాడు.

ఆమె తలూపింది. ఆయన ఇయర్‌ఫోన్లు లేకుండా జోలపాట పెట్టాడు. రత్నం తలొంచుకుని, ఎవరో పరాయి మనిషి పాట విన్నట్టు విన్నది. మధ్యలో రికార్డులోంచే సుష్మ కేక వినపడింది, "అమ్మా, ట్యాంకు నిండింది, మోటారు ఆపు!" అని. ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది.

"రెండో చరణం తప్పు పాడాను" అంది పాట అయిపోయాక. "మా అమ్మ వినుంటే తిట్టేది."

తర్వాత ఇంకో మాట అంది. అది వినడానికి ఇద్దరూ దగ్గరికి వంగాల్సి వచ్చింది.

"నాకిది వింటే, చచ్చిపోయినదాన్ని తలుచుకుంటున్నట్టు ఉండేది. అందుకే లేచిపోయేదాన్ని. మీకు చెప్పలేకపోయాను."

గవరయ్య ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. కాసేపయ్యాక తాతబ్బాయి కూతురి సంగతి చెప్పాడు. ఎప్పుడూ చూడని పిల్ల ఒకతె మూడేళ్లుగా ఆ పాటతో నిద్రపోతోందని. రత్నం కళ్లు పెద్దవయ్యాయి. "ఎవరి పిల్ల? ఏం పేరు?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత లేచి అన్నం వడ్డించింది. ఆ రాబోయే ఆదివారం వాళ్లని భోజనానికి పిలవమంది.

తాతబ్బాయి పెళ్లాన్నీ పిల్లనీ తీసుకుని వచ్చాడు. గవరమ్మ గడపలోనే ఆగి రత్నాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నీ పాట పాడింది ఈ నానమ్మే" అన్నాడు తాతబ్బాయి.

"ఝూట్" అంది పిల్ల. "ఈమెకి మాట రాదు."

పెద్దవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. రత్నం మాత్రం నవ్వుతూ, అవును రాదు అన్నట్టు తలూపి పిల్ల చేతిలో అప్పడం పెట్టింది. భోజనాలయ్యాయి. మధ్యాహ్నం ఎండకి, తిన్న తిండికి గవరమ్మకి నిద్ర ముంచుకొచ్చి పేచీ మొదలుపెట్టింది. తాతబ్బాయి ఫోను తీయబోతే రత్నం వద్దని చెయ్యి ఊపి, పిల్లని ఒళ్లోకి లాక్కుంది. గింజుకుంటున్న పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, వీపు మీద చేత్తో తాళం వేస్తూ, మొదటి మాట పలికింది. రాగం లేదు. గాలి, మాటలు, చెయ్యి, అంతే. రెండో చరణం ఈసారి సరిగ్గా చెప్పింది.

పిల్ల గింజుకోవడం ఆపింది. తలెత్తి రత్నం పెదవుల వైపు చూసింది. మళ్లీ చెవి ఆనించి, "ఫిర్ సే" అంది.

రత్నం మళ్లీ మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న సుష్మ తల్లి దగ్గరికి జరిగి, ఒక్కో మాటా తన నోట్లో తను అనుకుంటూ వింది. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చాక, పోయిన ఎనిమిదింటిలో మొదటిది ఏదని తల్లిని అడిగి, పక్కన నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది. తెలుగు మాటలు హిందీ అక్షరాల్లో రాసుకుంది. రత్నం ఒక్కో మాటా మూడేసి సార్లు చెప్పింది. గవరయ్య రాగం అందించబోయి రెండుసార్లు తప్పుగా తీశాడు. తల్లీకూతుళ్లిద్దరూ ఆయన్ని వరండాలోకి పంపేశారు.