అర గ్లాసు నీళ్ళు

"ఇంట్లో కుట్టింది కానుక ఎట్లయితాది మే? ఊరికే వచ్చిందాన్ని ఊరికే ఇచ్చినట్లయితాది," అంది అత్త తిప్పమ్మ, మిషను మీదున్న జాకెట్లను రెండు వేళ్ళతో ఎత్తి చూసి.

ఆరు జాకెట్లు. మెత్తటి నూలు గుడ్డ, ముందు వైపు హుక్కులు, పసిబిడ్డ బుగ్గకు గుచ్చుకోకుండా హుక్కుల వెనక పట్టీ. వంటకీ అంట్లకీ మధ్య దొరికిన కాస్త తీరికలో పది రోజులు కూర్చుని కుట్టింది చౌడేశ్వరి. ఆదివారం ఆడబిడ్డ రేఖకు శ్రీమంతం. ఇక్కడే, బెళుగుప్పలో, పుట్టింట్లోనే చేస్తున్నారు. ఆ తర్వాత కాన్పయ్యి బిడ్డకు మూడో నెల వచ్చేదాకా రేఖ ఇక్కడే ఉంటుంది. పాలిచ్చే తల్లికి ఏం కావాలో సగం ఊరి ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టే మనిషికి తెలియదా? తెలుసు. కానీ ఆ ఇంట్లో చౌడేశ్వరి చేతిలోంచి వచ్చినదేదైనా ఊరికే వచ్చినట్టే లెక్క. వంట ఊరికే అయిపోతుంది, బట్టలు ఊరికే తెల్లబడతాయి, బిందెలు వాటంతటవే నడిచొచ్చి ఇంట్లో కూర్చుంటాయి.

"రేపు గిరిగానితో కల్యాణదుర్గం పోయి వెండి గలాసు తెండి. నలుగురిలో పెట్టినాక కండ్లకు ఆనల్ల," అని తిప్పమ్మ గడప దాటబోయి మళ్ళీ ఆగింది. "ఇంగోటి. పురుడైనాక దాని దగ్గర ఉండేది నువ్వే. నా మోకాళ్ళు నా మాట వినవు. నీళ్ళ కాడ మాత్రం గట్టిగా ఉండు. పొద్దున అర గలాసు, మాపున అర గలాసు, కాచినవి. మించితే పొట్ట జారతాది, బిడ్డకు జలుబు చేస్తాది. అది అడుగుతాది, ఏడుస్తాది. నువ్వు కరగద్దు."

చౌడేశ్వరి మిషను చక్రం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. అర గ్లాసు అన్న మాటకే ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. ఎనిమిదేళ్ళయినా ఆ దాహం ఒంట్లోంచి పోలేదు. తల్లి లేని పిల్ల కాబట్టి ఆమె పురుడు అత్తింట్లోనే జరిగింది. నడి వేసవి. తలుపు మూసిన గది, చెవుల్లో దూది, తలకు గుడ్డ, పక్కన కుంపటి. చంటిది పల్లవి చన్ను నోట్లో పెట్టుకుని లాగి లాగి వదిలేసి గుక్కపట్టి ఏడ్చేది. దాని పెదవులు ఎండి చెక్కు కట్టేవి, తల్లి పెదవులూ అంతే. పాలు పడాలని వెల్లుల్లి కారం కలిపిన అన్నం పెట్టేవాళ్ళు. ఆ కారానికి నోరు మండిపోతుంటే నీళ్ళకు చెయ్యి చాపితే, "అయిపోయింది గదా నీ వంతు" అనేది అత్త. చివరికి ఎంతకు దిగజారిందంటే, స్నానానికి కూర్చోబెట్టి వేడినీళ్ళు తల మీద పోస్తుంటే మొహం పైకెత్తి, కారుతున్న పసుపు నీళ్ళే దొంగతనంగా మింగేది. ఇంటర్ చదువుతున్న రేఖ ఒకరోజు అది చూసి పకపకా నవ్వింది. "అమ్మా, వదిన తానం నీళ్ళు తాగుతాంది సూడు!" మరుసటి రోజు నుంచి తిప్పమ్మ కోడలి మెడ వంచి పట్టుకుని పోసింది.

ఇరవయ్యో రోజుకు పల్లవి నీరసించి వేలాడిపోతే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. బాలింతకు గాలి తగలకూడదని చౌడేశ్వరిని ఆటోలోనే ఉంచి పక్కన అత్త కాపలా కూర్చుంది. ఆమె మొగుడు గిరి ఒక్కడే బిడ్డను లోపలికి ఎత్తుకుపోయి, సాయంత్రానికి పాలపొడి డబ్బాతో బయటకొచ్చాడు. అంతే, ఆ రోజుతో చౌడేశ్వరి పాలు లేని మనిషయిపోయింది. చేలో వేయించిన మూడు బోర్లూ ఎండిపోయిన ఏడాది అది. గిరి అరుగు మీద కూర్చుని, "ఆడ మూడూ ఎండె, ఈడ రెండూ ఎండె, నా రాత అట్లుండాది" అనేవాడు. వినేవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. టీ గ్లాసులు అందిస్తున్న చౌడేశ్వరి కూడా నవ్వేది. ఏం చెయ్యాలో తెలియక నవ్వేది. పల్లవికి జ్వరమొస్తే తల్లిపాలు తాగని బిడ్డ అనేవాళ్ళు. లెక్కల్లో మార్కులు తగ్గినా అదే మాట. కొలతలివ్వడానికి వచ్చిన బాలింతల ఎదకు టేపు చుట్టేటప్పుడు తడిసిన జాకెట్ల వాసనకు ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. నా ఒళ్ళే నా బిడ్డను మోసం చేసింది అని ఎనిమిదేళ్ళుగా లోలోపల ఒప్పేసుకుని బతుకుతోంది.

ఇప్పుడు ఆ గ్లాసు తన చేతికి వచ్చింది. నవ్విన పిల్ల తన ముందు చెయ్యి చాపబోతోంది. చాపనీ, తెలిసొస్తుంది అనుకుంది చౌడేశ్వరి. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే, కాసేపయ్యాక, మళ్ళీ అనుకుంది.

మరునాడు కల్యాణదుర్గం బజారులో, పిల్లల సామాన్ల అంగట్లో, అమ్మే అమ్మాయి గల్లా బల్ల నిండా సరుకు పరిచింది. ఉయ్యాల, దోమతెర, గిలక్కాయలు, సబ్బూ పౌడరూ సర్దిన పెట్టె, వెండి గ్లాసు. గిరి ఒక్కోటీ పట్టి చూసి తల ఊపుతున్నాడు.

"ఇవన్నీ బిడ్డకే గదా. తల్లికేముండాయి?" అని అడిగింది చౌడేశ్వరి.

ఆ అమ్మాయి ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ విననట్టు ఒక క్షణం ఆలోచించి, లోపలి నుంచి జిప్పులున్న నైటీ, నడుం చుట్టూ పెట్టుకునే అర్ధచంద్రం దిండు తెచ్చింది. "ఇది పెట్టుకుంటే పాలిచ్చేటప్పుడు చేతులు నొయ్యవక్కా."

గిరి అటూ ఇటూ చూసి, "ఈడ అందరి ముందర అవన్నీ ఎందుకు? లోపల పెట్టుమా," అన్నాడు. చౌడేశ్వరి దిండు మీద చెయ్యి వేసి నొక్కి చూసి తిరిగి ఇచ్చేసింది. పక్క అరలో స్టీలు ఫ్లాస్కులున్నాయి. ఎందుకో పెద్దది ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఆ, అది తీసుకో. మంచి ఆలోచన," అన్నాడు గిరి వెంటనే. మొహం నిజంగానే వెలిగింది. "రేఖ మంచం కింద పెట్టు. అమ్మకు తెలీకుండా బాగా తాపు. పాపం, అది చిన్నప్పటి నుంచి దాహానికి ఓర్చుకోల్యాదు. నీళ్ళు లేకపోతే పాలు యాడ నుంచి వస్తాయి? అప్పుడే చెప్పింది గదా డాక్టరమ్మ."

"ఏ డాక్టరమ్మ?"

"పల్లవిని చూపిచ్చినప్పుడు. తల్లికి ఏం రోగం లేదు, కడుపునిండా నీళ్ళిచ్చి అన్నం పెట్టండి, పాలు అవే పడతాయి, డబ్బా పాలు పొయ్యద్దని గట్టిగా అరిచింది నా మీద."

అంగట్లో ఫ్యాను తిరుగుతోంది. ఎవరో ఉయ్యాల బేరమాడుతున్నారు. చౌడేశ్వరికి ఆ చప్పుళ్ళన్నీ ఎక్కడో దూరంగా వినిపించాయి.

"నాకు చెప్పలేదే."

"చెప్తే అమ్మకూ నీకూ పడదని…" గిరి వెండి గ్లాసును గోటితో మీటాడు. "పిల్ల బాగనే పెరిగింది గదా. ఇప్పుడెందుకులే అది? నువ్వు రేఖ సంగతి చూడు."

ఇప్పుడెందుకట! ఆటోలో వెలవెలబోయి కూర్చున్న తన దగ్గరికి ఆ మాట మోసుకురావడానికి పది అడుగులు. ఆ పది అడుగులు అతను నడవలేదు. పైగా అరుగు మీద కూర్చుని బోర్ల కబుర్లు చెప్పాడు, నిజం తెలిసుండీ చెప్పాడు. చెల్లెలి దాహం గుర్తుంది. పెళ్ళాం దాహం తల్లి మనసు కంటే చిన్నదైపోయింది. కోపం ఇంత వేడిగా ఉంటుందని చౌడేశ్వరికి తెలియదు. తిరుగుదారిలో బండి మీద ఆమె అతని భుజం పట్టుకోలేదు, వెనకున్న కమ్మీ పట్టుకుని కూర్చుంది. దారికి రెండు వైపులా వేరుశనగ చేలు వానకు ఎదురుచూస్తూ వాడి ఉన్నాయి. రేఖకు నీళ్ళు ఇస్తానా ఇవ్వనా అన్న ప్రశ్న ఆమెకు అంగట్లోనే తీరిపోయింది. పాపం పుట్టబోయే బిడ్డ ఏం చేసింది? కానీ మంచం కింద దాచి ఇవ్వడం? దాచడమంటే, ఇంకో ఎనిమిదేళ్ళు తాను పాలు లేనిదానిగానే ఉండటానికి ఒప్పుకోవడం. అది మాత్రం తన వల్ల కాదు.

ఆదివారం పొద్దున ఇంటి ముందు షామియానా వేశారు. రేఖ చేతుల నిండా ఆకుపచ్చ గాజులతో, ఒడి నిండా పండ్లతో కుర్చీలో కూర్చుంది. ఊరి ముత్తైదువులు ఒక్కొక్కరే వచ్చి బొట్టు పెట్టి, కానుక ఒడిలో ఉంచి పోతున్నారు. గిలక్కాయలు, గొలుసులు, గౌన్లు. చౌడేశ్వరి వంతు వచ్చింది. ముందు వెండి గ్లాసు పెట్టింది, తిప్పమ్మ అందరికీ కనపడేలా దాన్ని కాస్త జరిపింది. తర్వాత ఆరు జాకెట్లు పెట్టింది. తర్వాత ఫ్లాస్కు మూత తీసి, అదే వెండి గ్లాసు నిండా గోరువెచ్చని నీళ్ళు వంచి రేఖ చేతికిచ్చింది.

"ఇదేం కానుకే?" అంది తిప్పమ్మ.

"బాలింతకు కానుక, అత్తా. పురుడైనాక రోజుకు రెండు తూర్లు నింపి పెడతా. అందరూ చూస్తుండంగానే పెడతా." చౌడేశ్వరి ఆడబిడ్డ వైపు తిరిగింది. "రేఖా, నాకు పాలు పడలేదని నువ్వూ విన్నావు, ఊరంతా విన్నారు. నాకు నీళ్ళియ్యలేదు. ఇచ్చింటే పడ్తుండె. డాక్టరమ్మ ఆ పొద్దే మీ అన్నకు చెప్పింది. ఆడుండాడు చూడు, అడుగు."

అందరి తలలూ గుంజ దగ్గర నిలబడ్డ గిరి వైపు తిరిగాయి. "ఇంట్లోకి పా మే," అన్నాడతను పళ్ళ మధ్య నుంచి. కాదని మాత్రం అనలేదు.

తిప్పమ్మ కొడుకు మొహంలోకి చూసింది. "నిజమేనా రా?" అంది. అతను నేల చూశాడు. రేఖ మొహం ఎర్రబడింది. ఆ స్నానాల గది ఆమెకూ గుర్తొచ్చినట్టుంది. "వదినా," అని గ్లాసెత్తి గటగటా చివరి చుక్క దాకా తాగేసింది.

అప్పుడు గోడ వారగా కూర్చున్న హనుమక్క లేచింది. డెబ్బై దాటిన మనిషి. తొలిచూలు కొడుకు నెల తిరక్కుండా పోయాడనీ, ఆమె పాలు మంచివి కావనీ మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఇలాంటి చోటికి పిలిచినా ఆమె ఎప్పుడూ ముందుకు రాదు, బొట్టు పెట్టదు. ఇప్పుడు మాత్రం గోడ పట్టుకుంటూ వచ్చి, చౌడేశ్వరి చేతిని గట్టిగా పట్టుకుంది.

"నాకూ అర గలాసే ఇస్తాండ్రి మే," అంది చాలా మెల్లగా. "నేనూ నీళ్ళు తాగింటే, నా కొడుకు బతుకుతుండెనా?"

లేదవ్వా, అది వేరే ఏదో రోగమై ఉంటుంది అని చెప్పడం తేలిక. అలా చెప్పి ఆ ముసలి ప్రాణాన్ని నిద్రపోనివ్వమని షామియానా కింద ఆడవాళ్ళందరి కళ్ళూ చౌడేశ్వరిని వేడుకుంటున్నాయి. ఆమె హనుమక్కను పొదివి పట్టుకుంది.

"బతుకుతుండెనేమో అవ్వా," అంది. "నీ పాలల్లో మాత్రం ఏ తప్పూ లేదు."