ఎదురు బట్టలు

బట్టలు పెట్టించుకుని వచ్చిన మూడో రోజుకి గానీ ఇంద్రజకి భయం పట్టుకోలేదు. అప్పటిదాకా పనే సరిపోయింది. పాపకి పళ్ళొస్తున్నాయి, రాత్రీ పగలూ ఒకటే ఏడుపు. అత్తగారు బసవమ్మకి మోకాళ్ళు వాచి లేస్తే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. మొగుడు వెంకట్ మిర్చి లోడు వేసుకుని మద్రాసు వెళ్ళి వారమైంది. మూడో రోజు మధ్యాహ్నం పాప కాస్త కునుకు తీస్తే, ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె ట్రంకుపెట్టె వంక చూసింది.

పెట్టె మీద ఆ కవరు అట్లాగే ఉంది. జరీ అంచు పంచెలచాపు, కండువా, మామిడిపిందెల చీర, జాకెట్టు గుడ్డ. వాటి కింద నాలుగు పేజీల ఫారం. పున్నమికి ఇంకా నాలుగు రోజులుంది. పున్నమినాడు మామగారు ఆ ఫారం మీద సంతకం పెడతాడు. పెడితే, ముప్పై రెండేళ్ళు సిమెంటు దుమ్ము మింగినందుకు చేతికొచ్చిన పదకొండు లక్షలు ఈ గడప దాటిపోతాయి. ముసలాళ్ళిద్దరి మందులూ, పాప చదువూ, ఇంటికి కష్టమొస్తే పట్టుకునే కొమ్మా అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ డబ్బు తిరిగి వస్తుందో రాదో ఆమెకి తెలియదు. ఎవరిని అడగాలో అసలే తెలియదు.

మామగారు జక్కయ్య మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట పనిచేసి, అరవై నిండి రెండు నెలల క్రితం దిగిపోయాడు. దిగిపోయాడే గానీ ఒళ్ళు దిగలేదు. తెల్లవారుజామున సైరన్ వినపడితే ఇప్పటికీ లేచి కూర్చుంటాడు. లేచినవాడు ఏం చెయ్యాలో తోచక వాకిట్లో నుంచుని చెప్పులు చూసుకుంటాడు. టీ తాగుతాడు, పది నిమిషాలకి మళ్ళీ టీ అడుగుతాడు. ఖాళీగా కూర్చోవడం ఎట్లాగో తనకెవరూ నేర్పలేదని ఒకసారి నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో పస లేదు.

అట్లాంటి రోజుల్లో వచ్చాడు గోపీచంద్. బసవమ్మకి క్రోసూరులో ఉన్న పెదనాన్న కొడుకు కొడుకు. వరసకి మేనల్లుడు. నరసరావుపేటలో ఫంక్షన్ హాల్లో రిటైరైన వాళ్ళకి ఉచిత సదస్సు పెడుతున్నారనీ, ఆరోగ్యం గురించీ పొదుపు గురించీ పెద్దపెద్దవాళ్ళు చెబుతారనీ, పైసా కట్టక్కర్లేదనీ, భోజనం కూడా వాళ్ళదేననీ చెప్పి బస్సు టికెట్లు కూడా తనే తీశాడు. అత్తగారి మోకాళ్ళకి తోడుగా పాపని చంకనేసుకుని ఇంద్రజ కూడా వెళ్ళింది.

అబద్ధం ఎందుకు, పొద్దున చెప్పినవన్నీ మంచిమాటలే. ఒక డాక్టరు షుగరు గురించి చెప్పాడు. ఒకావిడ కుర్చీలో కూర్చునే చేసే ఆసనాలు చూపించింది. తెర మీద తెల్లజుట్టు మొగుడూపెళ్ళాలు సముద్రపు ఒడ్డున నడుస్తూ నవ్వుతుంటే బసవమ్మ కూడా మోకాళ్ళు మర్చిపోయి చూసింది. తర్వాత భోజనాలు. చికెన్ బిర్యానీ, పెరుగు చట్నీ, గులాబ్ జామ్. భోజనాలయ్యాక ఒక్కొక్క జంటనీ వేదిక మీదకి పిలిచి, తూర్పుముఖంగా కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, పళ్ళెంలో తాంబూలంతో సహా బట్టలు పెట్టారు. అన్నదమ్ములు పెట్టినట్టు పెట్టారు. జక్కయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళు ఆఖరిరోజు గోడగడియారం ఇచ్చి పంపించారు మరి.

ఫారాలూ కరపత్రాలూ వచ్చింది ఆ తర్వాత. సదస్సు పెట్టింది గోపీచంద్ ఏజెంటుగా ఉన్న కంపెనీయే. అందులో డబ్బు వేస్తే నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికోసారి కాశీయాత్ర. పక్కవాళ్ళు గబగబా సంతకాలు పెడుతుంటే జక్కయ్య పెన్ను కూడా తీశాడు. తీసి, ఆ రోజు అష్టమి అని గుర్తొచ్చి ఆగాడు. అష్టమిపూట మంచి కాగితం మీద చెయ్యిపెట్టననీ, పున్నమికి ఇంటికే రమ్మనీ చెప్పాడు. గోపీచంద్ నవ్వి, అట్లాగే మామా అన్నాడు. ఆ అష్టమే ఇంద్రజకి వారం గడువు ఇచ్చింది. అందులో మూడు రోజులు పాప పళ్ళకే పోయాయి.

ఆ మూడో రోజు సాయంత్రం ఫోన్ పట్టుకు కూర్చుంది. పదో తరగతి గట్టెక్కి, ఇంటర్లో చేరిన నాలుగు నెలలకే పెళ్ళయిపోయిన మనిషి. తెలుగైతే వేలు కింద పెట్టుకుని చదువుకోగలదు. ఫోన్లో రిటైర్మెంటు గురించి చెప్పేవాళ్ళు కోకొల్లలు. ఒకడు బంగారం కొనమన్నాడు, ఒకడు వద్దన్నాడు. ఉచితంగా చెప్తానన్న ప్రతివాడూ చివర్లో ఏదో గ్రూపులో చేరమన్నాడు. మర్నాడు పాపని ఎత్తుకుని బ్యాంకుకి పోతే, అక్కడి అమ్మాయి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఇరవై ఏళ్ళు కట్టే ఇన్సూరెన్సు కాగితం చేతిలో పెట్టింది. అరవై ఏళ్ళ మనిషికి ఇరవై ఏళ్ళా అని అడగడానికి కూడా ఇంద్రజకి ఓపిక లేకపోయింది. వెంకట్‌కి ఫోన్ చేస్తే, అటువైపు లారీ హారన్ల మధ్య, నాన్న డబ్బు నాన్న ఇష్టం, నువ్వు మధ్యలో దూరమాక అన్నాడు. ఎవరి దగ్గరికి పోయినా ఆమె చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపేవాళ్ళే. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఎవరూ పెట్టలేదు.

తిరిగి వస్తూ పోస్టాఫీసు దగ్గర ఆగింది. వడ్డీ సంగతి అడగడానికి కాదు. పాప పేరు మీద సుకన్య ఖాతాలో రెండొందల యాభై కట్టడానికి. చేతిలో నాలుగు డబ్బులు మిగిలినప్పుడల్లా వచ్చి కట్టిపోవడం ఆమెకి అలవాటు. భయమేసినప్పుడు కొందరు దేవుడికి ముడుపు కడతారు, ఆమె ఇది కడుతుంది. కౌంటర్లో నెహెమ్యా అని ఒకాయన ఉంటాడు. నవ్వడు. పాసుపుస్తకం విసిరినట్టే ఇస్తాడు. ఆ వేళ పుస్తకం అందుకున్నాక కూడా ఆమె కదలకపోతే, ఇంకేంది అన్నాడు.

ఆమె చెప్పుకొచ్చింది. సదస్సు, రెండు రూపాయలు, పున్నమి, అన్నీ. ఆయన తలెత్తకుండా ముద్రలు వేసుకుంటూనే విన్నాడు. మామగారికి అరవై నిండాయా అని ఒక్కమాట అడిగాడు. నిండాయంటే, సొరుగులోంచి ఒక ఫారం తీసి కిటికీలోంచి తోసి, గోడ మీద బోర్డు చూపించాడు. పెద్దవాళ్ళ పొదుపు ఖాతా. అయిదేళ్ళు. మూడు నెలలకోసారి వడ్డీ.

“ఇది మంచిదేనా సారూ?” అంది ఇంద్రజ.

“మంచిదని నేను చెప్పనమ్మా. రూలు చెప్తా. నన్ను నమ్మమాక, ఆ బోర్డు చదువుకో.”

“మరి ఆ రెండు రూపాయలోళ్ళు?”

“ఆ రెండు రూపాయలు యాడనుంచి తెస్తన్నారో వాళ్ళనే అడుగు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే పర్మిషన్ కాగితం చూపెట్టమను.” ఒక పాత రసీదు వెనక ఏదో రాసి ఇచ్చాడు. “రిజర్వు బ్యాంకోళ్ళ సైటు, సచేత్ అని. కంపెనీ పేరు కొడితే ఉందో లేదో తెలుస్తది. దానికి డబ్బులేం అక్కర్లా. మీరు ఇక్కడ కట్టినా కట్టకపోయినా నా జీతం నాకొస్తది. జరుగు, వెనక మనుషులున్నారు.”

కూర్చోమనలేదు, మంచినీళ్ళివ్వలేదు. మర్యాద చెయ్యని మనిషి మాట మీద గురి కుదరడం ఇంద్రజకి అదే మొదలు. బోర్డు మొత్తం రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి ఆ సైటులో కంపెనీ పేరు కొట్టింది. రాలేదు. తన ఇంగ్లీషు మీద తనకి నమ్మకం లేక, కరపత్రం పక్కనపెట్టుకుని అక్షరం అక్షరం చూసి నాలుగుసార్లు కొట్టింది. నాలుగుసార్లూ రాలేదు.

రాత్రి అన్నాలప్పుడు చెప్పింది. జక్కయ్య చివరిదాకా విన్నాడు. రెండు రూపాయలెక్కడ, డెబ్బై పైసలు కూడా రాని ఇదెక్కడ అని ఒకసారి విసుక్కున్నాడు గానీ, ఆమె బోర్డు మాటలన్నీ ఒప్పజెప్పేసరికి మెత్తబడ్డాడు. పర్మిషన్ లేదన్న మాట దగ్గర ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. అంతా అర్థమైంది. అర్థమయ్యాక అసలు ముడి బయటపడింది.

“బట్టలు పెట్టించుకున్నాం గదమ్మా,” అన్నాడు. “వాళ్ళ అన్నం తిని, బొట్టు పెట్టించుకుని, ఇప్పుడు మేం సంతకం పెట్టం అని ఏ మొహంతో చెప్పేది?”

బట్టలు తిరిగిచ్చేద్దాం మామయ్యా అని ఇంద్రజ అంటే ఆయన ఉలిక్కిపడ్డాడు. పెట్టిన బట్టలు తిప్పి పంపడమంటే రాకపోకలు తెంపుకోవడమే. చావుకీ పెళ్ళికీ మళ్ళీ ఆ గడప తొక్కేది లేదు. క్రోసూరు చుట్టరికం అంతా ఒక్క పంచెలచాపుతో పోతుంది. పదకొండు లక్షలు పోతాయేమో, మాట మాత్రం పోకూడదని ఆయన చేతులు కడుక్కుని లేచాడు. ఇంద్రజకి ఏడుపొచ్చింది. ఏడిస్తే పాప లేస్తుందని మానుకుంది. ఇంతదాకా కాగితాలతోనే పోట్లాట అనుకుంది. చీరతోనూ పంచెతోనూ పోట్లాడే రూలు ఏ బోర్డు మీదా రాసి లేదు.

మర్నాడు పొద్దున బసవమ్మ మోకాళ్ళకి నూనె రాయించుకుంటూ, ఆ కవరు ఇట్లా తీసుకురామంది. చీర కొంగు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. పంచె అంచు వెలుగుకి పట్టి చూసింది.

“చీర ఆరొందలు. ఇయి రెండూ కలిసి అయిదొందలు. అంతకన్నా ఉండదు,” అంది. “తిప్పి పంపొద్దులే. ఎదురు పెడదాం.”

ఇంద్రజ నూనె చెయ్యి ఆపి చూసింది.

“మా వైపు అంతేనే పిల్లా. పెట్టినోళ్ళకి అంతకి తగ్గకుండా ఎదురు పెడితే చెల్లుకు చెల్లు. అన్నం తిన్నామా, అన్నం పెడదాం. ఆ తర్వాత ఆయన సంతకం ఆయన చేతిలో ఉంటది. ఈ మాట మొగోళ్ళకి తట్టదు, బట్టలు కొనేది మనం గదా.”

మధ్యాహ్నం ఇంద్రజ బజారుకి పోయి ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ, అతని భార్యకి చీర తెచ్చింది. పదమూడు వందలైంది. నెలాఖరున ఆ డబ్బుకి ఎక్కడ కోత పడుతుందో దారి పొడుగునా ఆలోచించుకుంటూనే వచ్చింది.

పున్నమినాడు గోపీచంద్ చంకలో బ్యాగుతో వచ్చాడు. ముందు భోజనం అన్నారు. నాటుకోడి కూర, గోంగూర, గారెలు. పని అయిపోయినట్టే అనుకుని కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి హాల్లో తూర్పుముఖంగా కుర్చీ వేసి ఉంది. కూర్చోమన్నారు. బసవమ్మ గోడ పట్టుకుని లేచి బొట్టుపెట్టింది. జక్కయ్య పళ్ళెం అందించాడు. గోపీచంద్ కూడా ఈ గడ్డ మీద పుట్టినవాడే. పళ్ళెంలో బట్టలు చూడగానే అతని మొహం మారింది.

“ఇదేంది అత్తా?”

“ఏముందిరా. మీరు పెట్టారు, మేం పెట్టాం,” అంది బసవమ్మ.

అతను పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత బ్యాగులోంచి పెన్ను తీసి జక్కయ్య వైపు చాచాడు. మంచిరోజు మామా, పెట్టెయ్ అన్నాడు. జక్కయ్య చెయ్యి అలవాటుకొద్దీ కాస్త ముందుకొచ్చింది. ఇంద్రజ మధ్యలోకి వచ్చింది.

“అన్నయ్యా, డిపాజిట్లు తీసుకునే పర్మిషన్ కాగితం తెచ్చావా?”

“ఇంట్లో మనిషినే కాగితం అడుగుతావా చెల్లెమ్మా?”

“పోస్టాఫీసాయన మా ఇంట్లో మనిషి కాదు. అయినా అడక్కముందే చదువుకోమని చూపించాడు.”

జక్కయ్య చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. “నేను పెట్టన్రా అబ్బాయ్,” అన్నాడు. “ఏమనుకోమాక.” గొంతు పెద్దదేం కాదు. కానీ ముప్పై రెండేళ్ళు సూపర్‌వైజర్లకి సరే సరే అన్న మనిషి పెట్టనని అనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

గోపీచంద్ పోట్లాడలేదు. చెప్పులేసుకుంటూ, ఇంద్రజ ఒక్కతే దగ్గరుండగా, మా నాన్నవి ఎనిమిది లక్షలు అందులోనే ఉన్నయ్యి అన్నాడు. నమ్మించడానికి మొదలుపెట్టిన మాట సగంలోనే బరువెక్కింది. ఆమె లోపలికి పోయి నెహెమ్యా రాసిచ్చిన రసీదు ముక్క తెచ్చి అతని జేబులో పెట్టింది. ఎదురు పెట్టినదానిలో అదొక్కటి లెక్కలో లేనిది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి మామా కోడలూ పోస్టాఫీసుకి పోయారు. జక్కయ్య ఆ జరీ అంచు పంచె కట్టుకున్నాడు. ఇప్పుడు కట్టుకోవచ్చు, తప్పులేదు. నెహెమ్యా పైనుంచి కిందికి చూసి, పెళ్ళికి పోతన్నారా అన్నాడు.

“లేదు సారూ. రిటైరయ్యా,” అన్నాడు జక్కయ్య.

సర్వర్ లేదు, పదకొండింటికి రమ్మన్నాడు. ఇంటికి పోయి రావడానికి ఓపిక లేదు. సందు చివర లైబ్రరీ ఉంటే నీడకి అందులోకి పోయారు. డబ్బులడుగుతారేమోనని ఇంద్రజ గుమ్మంలో తటపటాయించింది. ఎవరూ ఏమీ అడగలేదు. జక్కయ్య ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చుని పేపరు తిప్పాడు, మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా, పంటల ధరలు కూడా వదలకుండా. తర్వాత పేపరు మీదే గడ్డం ఆనించి నిద్రపోయాడు. రెండు నెలల్లో ఆయన పగలు నిద్రపోవడం ఇంద్రజ చూడలేదు. పాప కూడా ఆమె భుజం మీద నిద్రపోయింది. ఆమెకి మాత్రం నిద్ర రాలేదు. అయిదేళ్ళలో ఆ బోర్డు మీద రూలు మారితే ఏమిటని ఆలోచిస్తూ కూర్చుంది.

పదకొండింటికి లైబ్రరీ మూస్తుంటే లేచారు. సర్వర్ వచ్చింది. కాగితాలయ్యేసరికి ఒంటిగంట. పాసుపుస్తకం కోడలి చేతికే ఇచ్చి, మెట్లు దిగుతూ జక్కయ్య అడిగాడు, రేపు కూడా ఆ లైబ్రరీ ఉంటదా అని.

“శుక్రవారం సెలవంట మామయ్యా. గోడ మీద రాసుంది.”

“అయితే ఎల్లుండి,” అన్నాడు ఆయన, పంచె కాస్త ఎత్తి పట్టుకుని ఎండలోకి దిగుతూ.