లెక్కలు రాసిన రాత్రి నాయనమ్మ ఎక్కడుంది?

కోర్టు గడప తొక్కకపోయినా ఇంట్లో అందరూ లాయరని పిలిచే అన్నయ్య, పాత జనాభా లెక్కల నకలు సంపాదించి, మేనత్త మంచం పక్కనే నిలబడి పైకి చదివేశాడు. ఓడెక్కి ఈ దేశానికి వచ్చిన తాత, ఇద్దరు కొడుకులు, ఏడాది కూతురు. నాయనమ్మ పేరు లేదు.

"పిల్లల్ని వదిలేసి పోయిందన్నమాట" అని తీర్పు కూడా చెప్పేశాడు.

ఆ ఏడాది కూతురే మేనత్త. తల్లి ముఖం ఎరగదు. జ్వరంతో పోయిందని ఎవరో చెప్పిన మాటతోనే ఇన్నేళ్ళూ బతికింది. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్ళీ ఇటు తిరగలేదు. మెతుకు ముట్టలేదు.

అతని చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. మిషను మీద కుట్టాల్సిన జాకెట్లు అలాగే పడేసి, అన్నయ్యని లాక్కుని చర్చి ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా ముందు తాళంచెవి వెతికాడు. తర్వాత కళ్ళజోడు. అది దొరికాక మళ్ళీ తాళంచెవి.

"సమాధుల పుస్తకం ఇవ్వండి."

"చెదలు తినేశాయమ్మా."

"పోనీ బాప్తిస్మాలది?"

"దాన్ని సగమే తిన్నాయి."

"రాతలో లేని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తావే?" అన్నాడు అన్నయ్య.

"నువ్వు నోరు మూసుకుని ఆ పేజీ పట్టుకో."

ఆఫీసు మూసే వేళకి దొరికింది. పక్కింటివాళ్ళ బిడ్డకి బాప్తిస్మం. బిడ్డ పూచీ తీసుకునే జ్ఞానతల్లిగా నిలబడింది నాయనమ్మ. లెక్కలైన నెల తర్వాత! బిడ్డ పుట్టిన తేదీ చూసి చెల్లెలు ఉలిక్కిపడింది. సరిగ్గా లెక్కలు రాసిన రాత్రే.

"అయితే మనింట్లో ఎందుకు రాయలేదు?" అన్నాడు అన్నయ్య, పట్టు వదలకుండా.

"ఆ రాత్రి ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి లెక్కలోనే రాసేవాళ్ళు సార్" అన్నాడు గుమాస్తా.

"నకల్లో తర్వాతి కాగితమేదీ?" అంది చెల్లెలు.

"అది పక్కింటిదే. మనకెందుకని చదవలేదు." అన్నయ్య జేబులోంచి మడత తీశాడు.

బాలింత. ఒక రోజు కూడా నిండని బిడ్డ. ఆ కిందే నాయనమ్మ పేరు, చుట్టపుచూపుగా వచ్చినట్టు.

"దేవుడా! పక్కింటావిడ పురిటికి వెళ్ళిందయ్యా, గోడ అవతలికి! నువ్వేమో ఆవిడ్ని ఏకంగా ఊరే దాటించేశావు!" అంది చెల్లెలు.

ఇంటికొచ్చాక అన్నయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "నువ్వే చెప్పవే. అత్తకి నామీద కోపంగా ఉంది."

"ఆ ముక్క చదివిన నోటితోనే ఇదీ చెప్పు."

చెప్పాడు. మేనత్త మెల్లగా ఇటు తిరిగింది.

"ఏం పుట్టింది ఆవిడకి?"

"ఆడపిల్ల, అత్తా."

"తల్లీబిడ్డా బాగున్నారా?"

"నెలకి బాప్తిస్మం చేశారుగా, బాగానే ఉండుంటారు."

"ఉండుంటారా? పూర్తిగా చూసి మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుంటావురా నువ్వు?" అంటూ లేచి కూర్చుని, చెల్లెలివైపు తిరిగింది. "ఇంట్లో తినడానికి ఏమైనా ఉందా, లేక పొద్దుణ్ణుంచీ ఊరు తిరిగి రావడమేనా?"